కిల్ట్ కుట్టమంటే మెడల్స్ ఎన్నని అడిగిన షాపు

స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ల ఉన్ని బట్టే కిల్ట్. ఎడిన్‌బరాలో అది కుట్టే షాపులోకి వెళ్లి "ఒక కిల్ట్ కుట్టించుకోవాలి" అన్నాను. మెడలో టేపు వేసుకుని నిలబడ్డ ఆవిడ నన్ను ఒకసారి చూసి, "ఎక్కడికి వేసుకెళ్లాలి? మెడల్స్ ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది. సైన్యంలో పనిచేశానని నేనింకా చెప్పనే లేదు. నిలబడిన తీరు చూసి పోల్చుకున్నానని తర్వాత చెప్పింది. అరవై దాటిన మనిషి. షాపు వెనక గదిలో ఆవిడా, ఇంకో ఇద్దరూ చేత్తోనే కుడతారు. ఆ షాపు గురించి, వాళ్లు కుట్టిన కిల్ట్ గురించి, దాని మీద మెడల్స్ పెట్టుకోవడం గురించి రాస్తున్నాను. మనవాళ్లలో బ్రిటిష్ ఆర్మీలో చేసి బయటికి వచ్చినవాళ్లు తక్కువే కానీ, ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు నా సంగతి. చదువు కోసం వచ్చి, 2006లో సైన్యంలో చేరాను. రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ మూడో బెటాలియన్, అంటే బ్లాక్ వాచ్. ఆరు పాత రెజిమెంట్లను బెటాలియన్లుగా కలిపి ఆ పెద్ద రెజిమెంట్‌ను ఏర్పాటు చేసింది ఆ సంవత్సరం మార్చి 28నే. ఇన్వర్నెస్ దగ్గర ఫోర్ట్ జార్జ్‌లో మా బ్యారక్స్. సముద్రం మీంచి వచ్చే గాలికి కిటికీలు రాత్రంతా కొట్టుకునేవి. నా పక్క మంచం ఫిజీ కుర్రాడిది. మొదటిసారి కిల్ట్ ఎలా కట్టుకోవాలో నాకు నేర్పింది అతనే. 2009లో అఫ్ఘానిస్తాన్ వెళ్లాం. 2022 అక్టోబరులో సర్వీసు వదిలేశాను. వదిలేటప్పుడు కిల్ట్, జాకెట్, స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి) అన్నీ స్టోర్‌లో అప్పగించి సంతకం పెట్టాను. పదహారేళ్లు కట్టుకున్న బట్టను కౌంటర్ మీద పెట్టి వచ్చేస్తుంటే గుండె బరువెక్కింది.

ఆ తర్వాత మూడు నవంబర్లు రిమెంబ్రెన్స్ సండేకి, అంటే యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే ఆదివారానికి, సూటు వేసుకుని వెళ్లాను. మెడల్స్ పెట్టుకున్నాను, టై కట్టుకున్నాను, అయినా ఏదో తక్కువైనట్టే ఉండేది. ఈసారి కిల్ట్‌లోనే వెళ్లాలనుకున్నాను.

ముందు చేసిన పొరపాటు కూడా చెప్పాలి. డబ్బు మిగులుతుందని, టూరిస్టులు ఎక్కువగా తిరిగే వీధిలో ఒక షాపులో రెడీమేడ్ కిల్ట్ చూశాను. అక్రిలిక్ గుడ్డ. కుచ్చిళ్లు పైపైన నొక్కి పెట్టారు. నడిస్తే ఊగదు, గాలొస్తే లేచిపోతుంది. అక్కడి కుర్రాడు నేను ఎవరో, ఏం చేశానో అడగకుండానే గుర్రపు వెంట్రుకల స్పోరన్, తెల్ల స్పాట్స్ (బూట్ల మీద వేసే గుడ్డ తొడుగులు), ఎర్ర శాష్ (భుజం మీంచి వేసుకునే పట్టీ) తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "ఇవన్నీ వేసుకుంటే అచ్చం సోల్జర్ లాగా ఉంటారు" అన్నాడు. అతని తప్పేం లేదు, అమ్మడం అతని పని. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను సోల్జర్ లాగా ఉండక్కర్లేదు. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

మా పాత సైనికుల అసోసియేషన్‌లో ఒక పెద్దాయన ఈ కిల్ట్ మేకర్ దగ్గరికి వెళ్లమన్నాడు.

కొలతలకు ముప్పావు గంట పట్టింది. కిల్ట్ నడుము ప్యాంటు నడుము కాదు. బొడ్డు దగ్గర కట్టాలి. అక్కడొక కొలత, సీటు దగ్గర ఒక కొలత, నడుము నుంచి మోకాటి చిప్ప మధ్య దాకా పొడవు. అంచు అక్కడే ఆగాలి. నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అంచు నేలకు తగలకుండా ఉంటుందో లేదో టేపుతో చూసింది. సర్వీసులో ఇది ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. స్టోర్‌లో ఏ సైజు ఉంటే అది ఇచ్చేవాళ్లు, బకిల్స్ మనమే సర్దుకునేవాళ్లం.

బట్ట సంగతి చెబితే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చీర ఆరు గజాలైతే పూర్తి కిల్ట్ ఎనిమిది గజాలు. అందులో ఎక్కువ భాగం వెనక కుచ్చిళ్లలోకే పోతుంది. మన పంచెకు కుచ్చిళ్లు ముందు, దీనికి వెనక. ముందు రెండు చదునైన పొరలు ఒకదాని మీద ఒకటి వచ్చి, పై పొర కుడివైపు కట్టు పడుతుంది. గజానికి 13 ఔన్సులు తూగే ఉన్ని, 16 ఔన్సులు తూగే ఉన్ని రెండూ చేతికిచ్చి పట్టుకుని చూడమంది. నవంబరులో రాయల్ మైల్ మీద గంటసేపు నిలబడాలని చెప్పాను కాబట్టి 16 తీసుకోమంది. ఆ సలహా ఎంత సరైనదో ఆ రోజు తెలిసింది. ఆ వీధిలో గాలి ఎటు నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. నా కిల్ట్ మాత్రం కదిలితే ఊగింది, ఆగితే ఆగింది.

కుచ్చిళ్లు ఎలా వేయాలని కూడా అడిగింది. టార్టన్, అంటే ఆ గుడ్డ మీది రంగుల గళ్లు, వెనక కూడా ముందు లాగే కనిపించేటట్టు మడత పెడితే దాన్ని సెట్‌కి వేయడం అంటారు. ప్రతి కుచ్చి మీదా ఒకే గీత వచ్చేటట్టు మడత పెడితే స్ట్రైప్‌కి వేయడం. రెండోది సైనిక పద్ధతి. నడుస్తుంటే ఆ గీతలు తెరుచుకుని మూసుకుంటాయి. నేను స్ట్రైప్ అన్నాను. టార్టన్ దగ్గర కాస్త ఆలోచించాను. మా రెజిమెంట్ వేసుకునే గవర్నమెంట్ 1ఎ రంగు కాస్త లేతగా ఉంటుంది. ఆవిడ ముదురు రంగు బ్లాక్ వాచ్ గుడ్డ తీసి పరిచింది. "ఇది ఎవరైనా వేసుకోవచ్చు. నీ బెటాలియన్ పేరే దీనికి ఉంది. రెజిమెంట్ ఇచ్చిన బట్టను రెజిమెంట్‌కే వదిలెయ్, ఇది నీ సొంతం" అంది. అదే తీసుకున్నాను.

ఈ షాపు నాకు నచ్చింది అసలు ఇక్కడి నుంచి. నా దగ్గర పాత యూనిఫాం జాకెట్ ఒకటి ఉంది. స్నేహితుడి దగ్గర నుంచి వచ్చింది. కిల్ట్ మీద అదే వేసుకుని మెడల్స్ పెట్టుకుందామని నా మనసులో ఉంది. అది సంచిలోంచి తీస్తే ఆవిడ ముట్టుకోలేదు. "ఇది నేను సరిచేయను" అంది. ఎందుకని అడిగితే, సర్వీసులో లేనివాళ్లు అనుమతి లేకుండా యూనిఫాం వేసుకోవడం 1894 నాటి యూనిఫామ్స్ చట్టం ప్రకారం నేరమని చెప్పింది. నాకు తెలియని విషయం కాదు. పదహారేళ్లు చేశాను కదా, నన్ను ఎవరంటారులే అనుకున్నాను. ఆవిడ ఇంకో మాట కూడా అంది. "యూనిఫాం నువ్వు చేస్తున్న పనిని చెబుతుంది. మెడల్స్ నువ్వు చేసిన పనిని చెబుతాయి. నీకు రెండోది చాలు."

తర్వాత ఒక్కొక్కటే అడిగాను. రెజిమెంటల్ టై? కట్టుకో. క్యాప్ బ్యాడ్జితో టామ్ ఓ షాంటర్ టోపీ? పెట్టుకో, పాత సైనికులు అందరూ పెట్టుకుంటారు. టోపీ మీద పెట్టే ఎర్ర ఈకల కుచ్చు, హాకిల్? అది నీ అసోసియేషన్ వాళ్లను అడుగు, నేను చెప్పకూడదు. (అడిగాను. మావాళ్లు చాలామంది దానితోనే వస్తారు, నేనూ పెట్టుకున్నాను.) భుజం మీద ర్యాంక్, రెజిమెంట్ పేరు ఉండే షోల్డర్ టైటిల్స్? వద్దు. గుర్రపు వెంట్రుకల స్పోరన్? అది పరేడ్ సామాను, పగటికి తోలు స్పోరన్ చాలు. స్పాట్స్? వద్దు. వెటరన్స్ బ్యాడ్జి? దానికి ఎవరినీ అడగక్కర్లేదు, కోటు లేపెల్‌కి (మెడ దగ్గర మడిచిన అంచుకి) పెట్టుకో. తను అమ్మి డబ్బు చేసుకోగలిగిన నాలుగైదు వస్తువులను ఆవిడే వద్దంది.

ఈ "వద్దు" ఎందుకంత విలువైనదో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. చేయని సర్వీసు చేశానని చెప్పుకుని మెడల్స్ తగిలించుకునే వాళ్లను మా సైనికుల భాషలో వాల్ట్ అంటారు. బ్రిటన్‌లో సంపాదించని మెడల్ పెట్టుకోవడం ఇప్పుడు దానంతట అది నేరం కాదు. 1955 ఆర్మీ చట్టంలో ఉన్న ఆ సెక్షన్ 2006 సాయుధ దళాల చట్టంతో పోయింది. మళ్లీ తేవాలని 2016లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అలాంటి మెడల్‌ను అడ్డం పెట్టుకుని డబ్బు లాగితే మోసం కేసు అవుతుంది, అంతవరకే. అందుకని ఈ పద్ధతిని కాపాడేది ఇలాంటి షాపులు, మా అసోసియేషన్లు, పెట్టుకునే మనిషి. వీధిలో అమ్మే కుర్రాడు ఎవరికైనా అన్నీ అమ్ముతాడు. ఈవిడ అడిగి అమ్ముతుంది.

మెడల్స్ విషయంలో నాకు ఒక చేదు అనుభవం అయింది. అది ఈ షాపు చేసింది కాదు. కిల్ట్ తయారయ్యేలోపు మెడల్స్ మౌంట్ చేయిద్దామని, అంటే రిబ్బన్లతో ఒకే బార్ మీద వరసగా పెట్టిద్దామని, ఆన్‌లైన్‌లో చౌకగా చేస్తామన్న ఒకరికి పోస్టులో పంపాను. నావి నాలుగు: అఫ్ఘానిస్తాన్ క్లాస్ప్‌తో ఆపరేషనల్ సర్వీస్ మెడల్, 2012 డైమండ్ జూబ్లీ, 2022 ప్లాటినం జూబ్లీ, పదిహేనేళ్ల లాంగ్ సర్వీస్ అండ్ గుడ్ కాండక్ట్. వాళ్లు నాకు అందిన తేదీల ప్రకారం పేర్చేశారు. లాంగ్ సర్వీస్ నాకు 2021లో వచ్చింది కాబట్టి ప్లాటినం జూబ్లీకి ముందు పెట్టారు. క్రమం అలా ఉండదు. ముందు క్యాంపెయిన్ మెడల్, తర్వాత జూబ్లీ మెడల్స్ వాటి సంవత్సరాల వరసలో, ఆ తర్వాతే లాంగ్ సర్వీస్. ఛాతీ మధ్యకు దగ్గరగా క్రమంలో మొదటిది, చేతివైపుకు వెళ్లేకొద్దీ మిగతావి. పైగా రిబ్బన్లు కుట్టకుండా వేడి జిగురుతో అంటించారు. ఒక దాని మీద జిగురు మరక పడింది. ఫోన్ చేస్తే, "చూసేవాళ్లకు తేడా తెలియదు లెండి" అన్నారు. నా పక్కన నిలబడే ప్రతి మనిషికీ తెలుస్తుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, ఎందుకంటే క్యాంపెయిన్, లాంగ్ సర్వీస్ మెడల్స్ అంచు మీద నా సర్వీస్ నంబరు, ర్యాంక్, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. పోతే అలాంటిది ఇంకోటి దొరకదు.

ఆ కట్టను తీసుకుని మా కిల్ట్ మేకర్ దగ్గరికే వెళ్లాను. తను మెడల్స్ పని చేయదు. ఆ పని చేసే మనిషి దగ్గరికి పంపింది. పాత రెజిమెంటల్ టైలర్ అట. ఆయన నా ముందే కట్టంతా విప్పి, జిగురు గీకి, రిబ్బన్లు కొత్తవి వేసి కోర్ట్ మౌంటింగ్ చేశాడు. కోర్ట్ మౌంటింగ్ అంటే, రిబ్బన్ మెడల్ వెనక కూడా దిగి, గట్టి పలక మీద కుట్టి ఉంటుంది. మెడల్స్ ఊగవు, ఒకదానికొకటి కొట్టుకోవు, గీతలు పడవు. వేలాడే పద్ధతిలో నడిచినప్పుడల్లా చప్పుడవుతుంది. కొందరికి ఆ చప్పుడే ఇష్టం. నాకు ఈ నిశ్శబ్దమే ఇష్టం. పాలిష్ మాత్రం చేయనన్నాడు. "అరిగితే పేరు కూడా అరుగుతుంది" అన్నాడు. మెడల్‌కి 15 పౌండ్ల చొప్పున 60 తీసుకున్నాడు.

జాకెట్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. పగటికి ట్వీడ్ ఆర్గైల్ జాకెట్ తీసుకున్నాను.  నాలుగు మెడల్స్ పక్కపక్కన పెడితే బాగా వెడల్పు వస్తుంది. జాకెట్ మామూలు కొలతకు కుడితే మొదటి మెడల్ లేపెల్ కిందికి పోయింది, బరువుకు గుడ్డ ముందుకు వాలింది. ఆవిడ ఎడమవైపు లోపల గట్టి గుడ్డ వేసి, బయట మూడు సన్నని దారపు ఉచ్చులు కుట్టింది. మెడల్ బార్ వెనకున్న పిన్ను వాటిలోంచి వెళ్తుంది. ట్వీడ్‌కి ఒక్క రంధ్రం పడలేదు. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు. మీరు ఎక్కడ కుట్టించుకున్నా సరే, మెడల్స్ పట్టుకుని వెళ్లి జాకెట్ ట్రయల్ వేసుకోండి. ఖాళీ చేతులతో వెళ్తే ఈ చిక్కు ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

రెండో ట్రయల్‌కి నాన్న మెడల్స్ కూడా తీసుకెళ్లాను. నాన్న మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో ఉన్నాడు. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్. చనిపోయాక అమ్మ వాటిని పసుపు గుడ్డలో చుట్టి నాకిచ్చింది. వాటిని ఈ దేశంలో, కిల్ట్ మీద పెట్టుకోవచ్చా అని అడగడానికే మొహమాటపడ్డాను. ఆవిడ ఆలోచించకుండా చెప్పింది: "కుడివైపు. మనం సంపాదించినవి ఎడమ, మనవాళ్లు సంపాదించినవి కుడి. ఏ దేశానివైతే ఏంటి?"

ఆ పసుపు గుడ్డలోనే నాన్న టోపీ బ్యాడ్జి ఉంది. దాని మీద ఏనుగు. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసి లోపలికి వెళ్లి, తన తాతది ఒక పాత బ్యాడ్జి తెచ్చింది. హైలాండ్ లైట్ ఇన్ఫంట్రీ. దాని మీద కూడా చిన్న ఏనుగు, కింద అస్సాయే అని అక్షరాలు. 1803 సెప్టెంబరు 23న అస్సాయే దగ్గర జరిగిన యుద్ధంలో మద్రాస్ సిపాయిల పటాలాలు, 74వ, 78వ హైలాండర్లు ఒకే వైపు పోరాడారు. ఆ గుర్తుగా రెండు వైపులా ఏనుగు మిగిలింది. నాన్న ఏనుగూ, ఆవిడ తాత ఏనుగూ ఆ కుట్టుబల్ల మీద పక్కపక్కన కాసేపు ఉన్నాయి. ఇద్దరం ఏం మాట్లాడలేదు. నాన్న మెడల్స్ విప్పి మళ్లీ మౌంట్ చేయనివ్వలేదు నేను. ఎలా ఉన్నవి అలాగే, కుడివైపు ఇంకో రెండు ఉచ్చులు కుట్టించుకున్నాను.

చిన్నచిన్నవి త్వరగా చెప్పేస్తాను. కిల్ట్ పిన్ పై పొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే బట్ట లాగి చిరుగుతుంది. స్గియన్ దూ, అంటే మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి, జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకోవడానికి స్కాట్లాండ్‌లో 1995 చట్టం వీలిస్తుంది. విమానంలో మాత్రం చేతి సంచిలో కాదు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. పాపీ, అంటే అమరుల గుర్తుగా పెట్టుకునే ఎర్ర పువ్వు బొమ్మ, ఇక్కడి పద్ధతిలో ఆకు లేకుండా నాలుగు రేకులతో ఉంటుంది, ఎడమవైపు మెడల్స్‌కి పైన పెట్టుకున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆగస్టు చివర ఆర్డరిస్తే పది వారాలు పట్టింది. ఎనిమిది వారాలన్నారు. మధ్యలో ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, నేరుగా వెళ్లాల్సిందే. ఎడమ బకిల్ పట్టీ మొదట కాస్త పొట్టిగా వచ్చింది, మళ్లీ వేశారు. కిల్ట్ ఒక్కటే 640 పౌండ్లు. చిన్న మొత్తం కాదు. ఇంట్లో చెబితే మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కానీ కిల్ట్ నడుములో బట్ట వదిలి కుట్టారు, లావైనా సన్నబడినా మళ్లీ సరిచేస్తారు. సరిగ్గా చూసుకుంటే నా కొడుకు కూడా కట్టుకుంటాడు. దారాలు చేత్తో కుట్టినవి, ఒక్కటి ఊడలేదు.

ఈ నవంబరు 9న సిటీ ఛాంబర్స్ ముందు స్టోన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ దగ్గర నిలబడ్డాను. సన్నగా వాన. పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆవిడే నాన్న మెడల్స్‌ని కుడివైపు ఉచ్చుల్లో దూర్చి, "నిటారుగా ఉన్నాయండీ" అంది. పదకొండు గంటలకు కోటలో ఫిరంగి మోగింది. ఆ రెండు నిమిషాలు వీధిలో ఒక్క మెడల్ చప్పుడు కూడా వినలేదు. అయిపోయాక నా పక్కనున్న ముసలాయన, ఎనభై దాటి ఉంటాడు, ముందు నా ఎడమవైపు చూశాడు, తర్వాత కుడివైపు చూశాడు. "అవి ఎవరివి?" అన్నాడు. మా నాన్నవని చెప్పాను. కర్రను ఎడమ చేతిలోకి మార్చుకుని నాతో చెయ్యి కలిపాడు.

జనవరి 25న బర్న్స్ నైట్ డిన్నర్ ఉంది, స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందు. సాయంత్రానికి ఆర్గైల్ పనికిరాదు, ప్రిన్స్ చార్లీ జాకెట్ కావాలి. దాని పట్టు లేపెల్ మీద పెద్ద మెడల్స్ కాకుండా వాటిలో సగం సైజువి మినియేచర్లు పెట్టుకోవాలి. ఆ టైలర్‌కి నాలుగు మినియేచర్లు చెప్పి వచ్చాను. జాకెట్ కొలతలకు వచ్చే మంగళవారం అదే షాపుకి వెళ్తున్నాను.